కొనుగోలుదారు కన్ను: తెలుగునేల తివాచీల చరిత్రలో నాణ్యతా పరిజ్ఞానం

ప్రతిపాదన

తివాచీల చరిత్రను సాధారణంగా నేతగాళ్ల చరిత్రగానో, వాటిని పోషించిన ప్రభువుల చరిత్రగానో రాస్తారు. పారసీకం నుంచి కళ వచ్చిందనీ, సుల్తానులు ఆదరించారనీ, ఆంగ్లేయుల కాలంలో క్షీణించిందనీ చెప్పి ముగించడం పరిపాటి. ఈ కథనంలో ఒక పాత్ర కనిపించదు. ఆ పాత్ర కొనుగోలుదారు. తివాచీ ఎవరి ఇంటికి పోతుంది, ఆ ఇంటివారికి దాని మంచిచెడ్డలు ఎంతవరకు తెలుసు, తెలియనప్పుడు వారు దేన్ని నమ్మి డబ్బు చెల్లిస్తారు అన్న ప్రశ్నలు వేసుకుంటే ఇదే చరిత్ర మరొక విధంగా అర్థమవుతుంది.

కొనేవాడి పరిజ్ఞానం నేసేవాడి కూలిని నిర్ణయించే శక్తులలో ఒకటి అన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన. మంచి ముడికీ చెడ్డ ముడికీ తేడా తెలియని అంగడిలో మంచి ముడి వేసినవాడికి అదనంగా దక్కేది ఏమీ ఉండదు. కొద్దికాలంలోనే అతడు ఆ ముడి వేయడం మానుకుంటాడు, లేదా ఆ వృత్తినే మానుకుంటాడు. ఏలూరు తివాచీ, ఓరుగల్లు జంపఖానా ఇందుకు రెండు ప్రధాన నిదర్శనాలు. వాటి చరిత్రను పరిశీలించి, నేటి గృహస్థు తివాచీ కొనేటప్పుడు ఆ చరిత్ర నుంచి ఏమి గ్రహించగలడో చివర సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

పదాలు, నిర్మాణ భేదం

తెలుగులో నేలపై పరిచే నేతవస్తువులకు పేర్లు అనేకం: తివాచీ, రత్నకంబళి, జంపఖానా, శత్రంజీ. నేటి వాడుకలో ఇవి ఒకదానికి బదులు మరొకటిగా వినిపిస్తున్నా, వీటి వెనుక రెండు భిన్నమైన నేత పద్ధతులున్నాయి.

మొదటిది నూగు ఉన్న తివాచీ. దీనిలో పడుగు, పేకలు అస్థిపంజరం మాత్రమే. కంటికి కనిపించే రంగూ రూపమూ వాటి మధ్య విడివిడిగా వేసిన ఉన్ని లేదా పట్టు ముడులవి. ఒక వరుస ముడులు వేసి, పేక నడిపి, గట్టిగా దట్టించి, కొసలు సమంగా కత్తిరిస్తారు. ముడి రెండు పడుగు పోగులను సరిసమంగా చుట్టుకుంటే అది సౌష్ఠవ ముడి. ఒక పోగును పూర్తిగా చుట్టి, రెండవదాని కిందుగా పోతే అది అసౌష్ఠవ ముడి. మొదటిదానికి తురుష్క ముడి అనీ, రెండవదానికి పారసీక ముడి అనీ వ్యవహారం. భారతదేశంలో ఎక్కువగా కనిపించేది రెండవదే.

రెండవది జంపఖానా. దీనిలో ముడి లేదు, నూగు లేదు. రంగుల పేక పడుగును పూర్తిగా కప్పివేస్తుంది. అందుచేత రెండు వైపులా ఒకే రూపం కనిపిస్తుంది. జమఖానా, జమక్కాళం అన్న రూపాలలో ఈ మాట కన్నడ, మరాఠీ, తమిళాలలోనూ ఉంది. ఇది దక్షిణాది ఇళ్లన్నిటికీ ఉమ్మడి ఆస్తి. పెళ్లి పందిట్లోనూ, భజన మందిరంలోనూ, కచేరీలోనూ జనం కూర్చున్నది దీనిమీదే. రత్నకంబళి ఒక స్థాయికి చిహ్నమైతే జంపఖానా ఒక సమూహానికి ఆసనం. రెండింటి నాణ్యతను ఒకే గీటురాయిపై పరీక్షించడం కుదరదు. కొనుగోలుదారు తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

అబుల్ ఫజల్ చెప్పిన రెండు ధరలు

తివాచీ విలువను గురించిన పాత లెక్కలలో ఒకటి ‘ఆయిన్-ఇ-అక్బరీ’లో ఉంది. 16వ శతాబ్ది చివరి దశకంలో రూపొందిన ఈ గ్రంథంలో అబుల్ ఫజల్, తివాచీల నేతగాళ్లు దేశంలో స్థిరపడ్డారనీ, ముఖ్యంగా ఆగ్రా, ఫతేపూర్, లాహోర్ నగరాలలో ఉన్నారనీ నమోదు చేశాడు. అయినా వర్తకులు కిర్మాన్, ఖుజిస్తాన్ వంటి చోట్ల నుంచి ఇంకా తివాచీలు తెస్తూనే ఉన్నారని కూడా చెప్పాడు. రాజ కార్ఖానాలో తయారైన ఒక పెద్ద గిలీమ్ కొలతలు ఇచ్చి, దాని తయారీకి 1,810 రూపాయలు ఖర్చయిందనీ, పనిలో నేర్పరులైనవారు దానికి 2,715 రూపాయల విలువ కట్టారనీ రాశాడు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2,715 అన్నది 1,810కి సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఇంత కచ్చితమైన నిష్పత్తి యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. విలువ కట్టినవారు ముడులను పరీక్షించి చెప్పారా, లేక ఖర్చుకు సగం కలపడం అప్పటి ఆనవాయితీయా అన్నది ఆలోచించదగిన విషయం. ఏదైనా, ఖర్చు వేరు, విలువ వేరు అన్న స్పృహ, విలువను చెప్పడానికి తెలిసినవారు వేరే ఉంటారన్న గుర్తింపు ఈ వాక్యంలో స్పష్టంగా ఉన్నాయి. చక్రవర్తికైనా తివాచీ కొనడానికి తెలిసినవాడి కన్ను అవసరమైంది. ఆ కన్ను లేని సామాన్య కొనుగోలుదారు స్థితి ఏమిటన్న ప్రశ్న అప్పటినుంచీ ఉన్నదే.

ఏలూరు: పేరున్న కొనుగోలుదారు

తెలుగునేలపై నూగు తివాచీకి ప్రధాన కేంద్రం ఏలూరు. పారసీకం నుంచి వలస వచ్చిన కుటుంబాలు ముస్లిం పాలనాకాలంలో ఇక్కడ స్థిరపడి ఈ నేతను నాటుకొల్పాయన్నది స్థిరమైన సంప్రదాయం. గోల్కొండ రాజ్యంలో డచ్చి కంపెనీ ఉద్యోగిగా పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో ప్రచురించిన కోరమండల్ చరిత్రలో ఏలూరు తివాచీల ప్రస్తావన ఉంది. గోల్కొండ పతనమైన 1687 నాటికే ఈ పట్టణానికి తివాచీల విషయంలో పేరు వచ్చిందనడానికి ఇది ఆధారం.

ఏలూరుకు సమీపంలోని మచిలీపట్నం రేవు ఈ నేతకు ప్రపంచ ద్వారం. 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారూ, 1611లో ఆంగ్లేయులూ అక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. దక్కను తివాచీలు డచ్చి ఓడలలో జపాను వరకూ పోయాయి. క్యోటో నగరంలో జరిగే గియోన్ ఉత్సవ రథాలకు అలంకారంగా భద్రపరచిన పాత తివాచీలలో దక్కనులో నేసినవి ఉన్నట్లు 20వ శతాబ్ది చివర పండితులు గుర్తించారు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం 1997లో నిర్వహించిన మొగలు యుగపు తివాచీల ప్రదర్శన, దానికి డేనియల్ వాకర్ రచించిన గ్రంథం ఈ దక్కను తివాచీల చర్చను విస్తృత పాఠకుల ముందుంచాయి. జన్మస్థలం రాసి లేని ఒక తివాచీ ఎక్కడిదో తేల్చాలంటే పండితులు పై పువ్వులను మాత్రమే చూసి ఊరుకోరు. తిరగేసి పడుగు, పేకల అమరికను, ముడి తీరును, రంగులను పరిశీలిస్తారు. నమూనాను ఎవరైనా అనుకరించవచ్చు. నిర్మాణం మాత్రం నేసినచోటి అలవాటును దాచలేదు.

ఏలూరు తివాచీల నమూనాల పేర్లు ఈ వ్యాసానికి మరింత ముఖ్యమైన ఆధారం. హాషిం ఖానీ, మహబూబ్ ఖానీ, రామచంద్ర ఖానీ, గోపాలరావు ఖానీ, రెడ్డి ఖానీ వంటి పేర్లు సంప్రదాయంలో నిలిచి ఉన్నాయి. ఇవి ఆయా నమూనాలను కోరి నేయించుకున్నవారి పేర్లనీ, వాటితో వ్యాపారం చేసినవారి పేర్లనీ ప్రతీతి. ఈ పేర్ల జాబితాలో హిందూ, ముస్లిం భేదం లేదు. నేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఈ రెండో లోటు విచారకరమే. అయినా ఈ పేర్లు ఒక సంబంధాన్ని సూచిస్తున్నాయి. కోరినవాడు ఎవరో నేతగాడికి తెలుసు. ఏమి కోరాలో కోరినవాడికి తెలుసు. అతడి ఇంట్లో పరచిన తివాచీ మూడేళ్లకే వెలిసిపోతే ఆ మాట మగ్గం దగ్గరికి తిరిగి వస్తుంది. నాణ్యతకు కాపలాగా నిలిచింది ఈ దగ్గరితనమే.

దూరపు కొనుగోలుదారు

1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శన ఈ సంబంధాన్ని మార్చిన ఘట్టాలలో ఒకటి. భారతీయ తివాచీలు అక్కడ ప్రశంసలు పొందాయి. ఆ ప్రశంస గిరాకీని పెంచింది. గిరాకీతో పాటు ఓడల కొద్దీ సరుకును ముందుగానే నిర్ణయించిన ధరకు కోరే దళారీ వచ్చాడు. ఇంగ్లండులోని గృహిణికి ఏలూరు పేరు తెలియవచ్చు గాని, ఏలూరు ముడి తెలియదు. ఆమెకు తెలిసినవి మూడే: కొలత, రంగు, ధర. తెలిసిన మూడింటిని తృప్తిపరచి, తెలియనివాటిని తగ్గించడం వ్యాపారికి సహజమైన మార్గం. పలుచని ముడి, నాసిరకం ఉన్ని, పత్తికి బదులు తేమకు బలహీనపడే జనపనార, ఇవన్నీ పైకి కనిపించని చోట్ల చేసిన ఆదాలే.

ఇదే కాలంలో రంగుల ప్రపంచం తలకిందులైంది. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ ఊదారంగును రసాయనికంగా తయారుచేశాడు. 1868లో గ్రేబ్, లీబర్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు మంజిష్ఠ వేరులోని ఎరుపు పదార్థాన్ని ప్రయోగశాలలో రూపొందించారు. అంతవరకు తివాచీ ఉన్నికి లక్క ఎరుపూ, నీలిమందు నీలమూ ప్రధానాధారాలు. కొత్తగా వచ్చిన తొలితరం అనిలిన్ రంగులు చవక, కళ్లు చెదిరేంత ప్రకాశవంతం. అయితే వాటిలో అనేకం ఎండకు వెలిసేవి, తడికి కారేవి. అంగడిలో చూసే కంటికి ఈ లోపం కనిపించదు.

‘ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా’ అనే తన 1880 నాటి గ్రంథంలో జార్జ్ బర్డ్‌వుడ్ ఈ క్షీణతకు రెండు కారణాలను తీవ్రంగా విమర్శించాడు. ఒకటి రసాయన రంగులు, రెండవది జైళ్లలో ఖైదీల చేత నేయించిన తివాచీల పోటీ. కూలి చెల్లించనక్కరలేని నేతతో కూలి మీద బతికే నేతగాడు ధరలో పోటీ పడలేడన్నది కాదనలేని వాదన. బర్డ్‌వుడ్ ఆవేదనలో నిజాయితీ ఉంది. అయితే అతడి చూపు నేతగాడి వైపూ ప్రభుత్వం వైపూ తిరిగినంతగా లండన్ కొనుగోలుదారు వైపు తిరగలేదు. జైలు తివాచీ అమ్ముడుపోయింది కనుకనే జైలులో నేయించారు. అది అమ్ముడుపోవడానికి కారణం కొన్నవాడికి తేడా తెలియకపోవడం, లేదా తేడా తెలిసినా ధర చాలనుకోవడం. 1908లో హెన్రీ హారిస్ మద్రాసు ప్రభుత్వం తరఫున దక్షిణ భారత తివాచీ నేతపై ఒక ప్రత్యేక గ్రంథం రాసే నాటికి, ఈ పరిశ్రమ గురించి అధికారికంగా విచారణ జరపవలసిన స్థితి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సహజ రంగు అయితే మంచిది, రసాయన రంగు అయితే చెడ్డది అనే సూత్రం 19వ శతాబ్ది చివరి దశకాలకు చాలావరకు వర్తిస్తుంది గాని నేటికి వర్తించదు. 20వ శతాబ్దిలో వాడుకలోకి వచ్చిన క్రోమ్ రంగులు ఎండకూ తడికీ బాగా తట్టుకుంటాయి. సరిగా కట్టని సహజ రంగు కూడా కారుతుంది. చరిత్ర మనకిచ్చేది ఒక కాలపు అనుభవం. దానిని శాశ్వత నియమంగా మార్చుకుంటే అదీ ఒక రకమైన అజ్ఞానమే అవుతుంది.

ముడుల లెక్క

పరిజ్ఞానం లేని చోటును అంకె ఆక్రమిస్తుంది. తివాచీ అంగడిలో ఆ అంకె ముడుల సాంద్రత. 1851 ప్రదర్శనలోని ఒక ఓరుగల్లు పట్టు తివాచీలో చదరపు అడుగుకు 12,000 ముడులున్నాయని 19వ శతాబ్ది వర్ణనలు ఆశ్చర్యంతో చెబుతాయి. ఈ అంకెను చదరపు అంగుళానికి మారిస్తే సుమారు 83. చదరపు మీటరుకు మారిస్తే సుమారు 1,29,000. వస్తువు ఒకటే. వినడానికి మాత్రం మూడూ మూడు రకాల గొప్పలు. నేడు కాశ్మీరు పట్టు తివాచీలలో అంగుళానికి అడ్డంగా 18, నిలువుగా 18, అంటే చదరపు అంగుళానికి 324 ముడులున్నవి మామూలుగా అమ్మకానికి వస్తాయి. ఈ అంకెలను బట్టి ఆనాటి ఓరుగల్లు తివాచీ నాసిరకమని తేల్చడం అవివేకం. నూగు మందం, నమూనా స్వభావం, వాడిన పోగు లావు వేరైనప్పుడు ముడుల సంఖ్య ఒక్కటే తీర్పు చెప్పలేదు. పెద్ద పువ్వుల, మందపాటి ఉన్ని తివాచీకి తక్కువ ముడులు చాలు. సన్నని లతలకు ఎక్కువ ముడులు తప్పవు.

అయితే ఈ అంకె మరొక విధంగా అమూల్యమైనది. అది శ్రమకు కొలమానం. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల తివాచీలో చదరపు అంగుళానికి 80 ముడులుంటే మొత్తం 2,76,480 ముడులవుతాయి. ఒక నేతగాడు రోజుకు 6,000 ముడులు వేస్తాడనుకుంటే ఇది 46 రోజుల పని. అదే కొలతలో 200 ముడులుంటే 115 రోజుల పని. ఉన్ని, రంగు, మగ్గం అద్దె, దళారీ లాభం వేరు. చేతి ముడి తివాచీ అని చెప్పి చూపించిన వస్తువు ధర ఈ పనిదినాల కనీస కూలికి కూడా చాలకపోతే, రెండిట్లో ఒకటి నిజం. అది చేతి ముడి తివాచీ కాకపోవచ్చు. లేదా నేసినవాడికి కూలి సరిగా అందలేదు. కొనుగోలుదారు ముడులు లెక్కించవలసింది గొప్ప కోసం కాదు, ఈ ప్రశ్న వేసుకోవడం కోసం.

ఓరుగల్లు జంపఖానా

ఏలూరు కథకు భిన్నమైన కథ ఓరుగల్లు జంపఖానాది. వరంగల్ నగరంలోని కొత్తవాడ ఈ నేతకు నిలయం. ఇది ప్రధానంగా నూలు వస్తువు. ఉతకవచ్చు, ఎండలో ఆరవేయవచ్చు, చుట్టి అటక మీద పెట్టవచ్చు. రెండు వైపులా పరచుకోవచ్చు కనుక దీని ఆయుర్దాయం రెట్టింపు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన ఇళ్లకు నూగు తివాచీ కంటే ఇదే అనుకూలమన్నది తరతరాల అనుభవం. దీని కొనుగోలుదారు ప్రధానంగా ఇరుగుపొరుగువాడు. అతడికి బరువు తెలుసు, దట్టింపు తెలుసు. నేతలో రెండు రంగులు కలిసే చోట పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయా, లేక చీలిక మిగిలిందా అన్నది వేలితో తడిమి చెప్పగలడు.

యంత్రపు పరుపులూ ప్లాస్టిక్ చాపలూ వచ్చాక ఈ ఇరుగుపొరుగు అంగడి కుంచించుకుపోయింది. 1985 నాటి చేనేత వస్తువుల ఉత్పత్తి ప్రత్యేకింపు చట్టం జంపఖానా జాతి వస్తువులను మరమగ్గాల నుంచి కాపాడే జాబితాలో చేర్చింది. 2018లో వరంగల్ జంపఖానాకు భౌగోళిక గుర్తింపు లభించింది. రెండూ అవసరమైన చర్యలే. అయితే చట్టం నేతను కాపాడగలదు గాని, దానిని గుర్తుపట్టే కన్నును తయారుచేయలేదు.

ముద్రలు ఏమి చెబుతాయి

దూరపు కొనుగోలుదారుకూ నేతగాడికీ మధ్య తెగిన సంబంధాన్ని అతకడానికి గత మూడు నాలుగు దశాబ్దాలలో పలు ముద్రలు పుట్టాయి. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టం తివాచీ నేతలో 14 ఏళ్లలోపు పిల్లలను నియమించడాన్ని నిషేధించినా, కుటుంబ సభ్యులతో నడిచే పనిచోట్లను మినహాయించింది. తివాచీ నేత అధికంగా ఇళ్లలోనే సాగేది కనుక ఆ మినహాయింపు పెద్ద సందు. కైలాస్ సత్యార్థి చొరవతో 1994 ప్రాంతంలో మొదలైన రగ్‌మార్క్ ఈ సందును కొనుగోలుదారు వైపు నుంచి మూయడానికి చేసిన ప్రయత్నం. 2009లో అది గుడ్‌వీవ్‌గా మారింది. 2006లో భారత ప్రభుత్వం చేనేత ముద్రను ప్రవేశపెట్టింది. మీర్జాపూర్–భదోహి, కాశ్మీరు తివాచీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ ముద్రలన్నీ ఒకే మాట చెప్పవు. భౌగోళిక గుర్తింపు ఎక్కడ అన్న ప్రశ్నకు సమాధానం. చేనేత ముద్ర ఎలా అన్న ప్రశ్నకు సమాధానం. గుడ్‌వీవ్ ఎవరి చేత అన్న ప్రశ్నకు సమాధానం. ఈ తివాచీ ఎంతకాలం మన్నుతుందన్న ప్రశ్నకు ఈ మూడింటిలో ఏదీ సమాధానం కాదు. దానికి వస్తువునే అడగాలి.

వస్తువును అడిగే విధానం

పై చర్చ నుంచి కొన్ని పరీక్షలు సహజంగా తేలుతాయి. మొదట తిరగేయాలి. చేతి ముడి తివాచీ వెనుక నమూనా ముందువైపు అంత స్పష్టంగా కనిపిస్తుంది, ముడుల వరుసల్లో స్వల్పమైన తేడాలుంటాయి. వెనుక గుడ్డ అతికించి ఉంటే అది చాలావరకు టఫ్టింగ్ తివాచీ. అంటే గుడ్డలోకి పనిముట్టుతో పోగులు దూర్చి, రబ్బరు జిగురుతో నిలిపినది. దానినీ చేతి పనిగానే అమ్ముతారు, ఆ మాట అబద్ధమూ కాదు. అయితే కొన్నేళ్లకు జిగురు ఎండి పొడిగా రాలుతుంది. దాని శ్రమ, ఆయుష్షు, ధర చేతి ముడి తివాచీతో పోల్చదగినవి కావు.

రెండవది కుచ్చులు. చేతి ముడి తివాచీకి కుచ్చులు పడుగు పోగుల కొసలే. విడిగా కుట్టిన కుచ్చులు ఉంటే అనుమానించాలి. మూడవది రంగు. తడిపిన తెల్లగుడ్డతో వెనుకవైపు రుద్ది చూడాలి. నూగును విడదీసి మొదలూ కొసా ఒకే రంగులో ఉన్నాయేమో గమనించాలి. కొస వెలిసి మొదలు ముదురుగా ఉంటే ఆ రంగు ఎండకు ఆగదని అర్థం. నాలుగవది జంపఖానా పరీక్ష. వెలుతురుకు ఎత్తిపట్టినప్పుడు పేక సందుల్లోంచి పడుగు కనిపించకూడదు, అంచులు వంకర పోకూడదు, బరువు కొలతకు తగినట్లు ఉండాలి. చివరిది ఇంటి స్వభావం. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఇంట్లో ఉన్ని తివాచీకి బూజు, పురుగు భయం ఉంటుంది. పిల్లలు తిరిగే గదికి ఉతకగల నూలు జంపఖానా మేలు. తక్కువగా నడిచే గదికి సన్నని నూగు తివాచీ తగినది.

ముగింపు

హాషిం ఖానీ, రెడ్డి ఖానీ అన్న పేర్లలో మిగిలినది వస్తువును ఎరిగి కోరినవాడి జ్ఞాపకం. 19వ శతాబ్దిలో ఆ స్థానంలోకి వస్తువును ఎరగని దూరపు కొనుగోలుదారు వచ్చాడు. అతడి అజ్ఞానానికి మూల్యం చెల్లించినవాడు ఏలూరు నేతగాడు. నేడు హైదరాబాదులోనో, విజయవాడలోనో, విదేశంలోనో ఉన్న తెలుగు కొనుగోలుదారు కూడా కొత్తవాడ మగ్గానికి ఆనాటి లండన్ గృహిణి అంత దూరంలోనే ఉన్నాడు. దూరాన్ని తగ్గించడం సాధ్యం కాకపోవచ్చు గాని ఎరుకను పెంచుకోవడం సాధ్యమే. తివాచీని తిరగేసి చూసి, పనిదినాలు లెక్కగట్టి, తగిన ధర చెల్లించే కొనుగోలుదారులు పెరిగిన కొద్దీ మంచి ముడి వేసే చేతికి పని నిలుస్తుంది. నేత సంప్రదాయాల పరిరక్షణ గురించిన చర్చలలో మగ్గానికి ఇచ్చే సహాయంతో పాటు ఈ ఎరుకను పెంపొందించడానికీ చోటు దక్కాలి.